ఏకాదశి నాటి ఎరుపు

జనవరి 26, 1984. గురువారం. నాందేడ్

కాలేజీ మైదానంలో చిన్న తమ్ముడు కిషన్ వాళ్ల పాటల ప్రోగ్రాం. మరదలు విమల బలవంతం మీద నేనూ వెళ్ళాను. ‘చౌథీ గల్లీ’ పార్టీకి ఇదే ఆఖరి ప్రోగ్రాం అని మైకులో వాడే చెప్పాడు. హాస్యమనుకుని జనం నవ్వారు. పక్కన గిటారు పట్టుకుని నిలబడ్డ నాగేశ్వర్ నవ్వలేదు.

తొమ్మిదేళ్లు నలుగురూ కలిసి పాడారు. ఎవరడిగినా సినిమా పాట పాడలేదు. అన్నీ కిషన్ రాసినవే. ఒక చరణం తెలుగు, ఒకటి మరాఠీ, ఒకటి దక్కనీ. పెళ్ళిళ్లకు ఎవరూ పిలవరు. కాలేజీ పిల్లలు మాత్రం గోడలెక్కి వింటారు.

చివర మాంజరా పాట పాడారు. “మాంజరా దాటితే మాట మారుతది, నది మారదు.” ‘నది’ దగ్గర గొంతు పైకెక్కాలి. ఎక్కింది. ఎక్కింది నాగేశ్వర్ గొంతు. కిషన్ నోరు తెరిచే ఉంది.

నేను సరిగ్గా విని ఉండను. మైకులు మంచివి కావు.

జనవరి 27

పొద్దున కిషన్‌కు చాయ్ ఇస్తూ అడిగాను, ఎందుకు విడిపోతున్నావని. హైదరాబాదు నుంచి క్యాసెట్ల కంపెనీ మనిషి వచ్చాడట. పాటలు నచ్చాయట. నలుగురు వద్దు, ఒక్క గొంతు కావాలన్నాడట.

“అందుకే కాదక్కా. నలుగుట్ల నా గొంతు నాకే వినవస్తలేదు. నాగేశ్వర్‌గాడు నా మీదికెల్లి పాడుతుండు” అన్నాడు.

శంకర్రావు దుకాణం తాళాలు తీసుకుంటూ విన్నాడు. వాడు నాకు తమ్ముడు, కిషన్‌కు అన్న, విమల భర్త. తిట్టినా నవ్వుతున్నట్టే ఉంటుంది. “ముప్పై ఒకటి నిండినయి. లగ్గం జేస్కోడు, దుకాన్ల కూసోడు. ఇప్పుడు ఒక్కడే పాడుతడంట.”

“ఒక్కన్నే పాడితే గడ్‌బడ్ పావు వంతే ఉంటది కదన్నా. నీకే మంచిది.”

విమల నవ్వి వంటింట్లోకి వెళ్ళింది. నవ్వి నవ్వి కిషన్ దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

జనవరి 31, మంగళవారం

లలితాసహస్రం అయ్యి లేచేసరికి వాకిట్లో నాగేశ్వర్. కిషన్ లేడని తెలిసే వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. పార్టీ పోయిందని గొడవకు వచ్చాడేమో అనుకున్నాను. గొడవ కాదు.

“లీలక్కా, ఏడాది సంది పై సుర్లన్ని నేనే అందుకుంటున్న. ఆనికి తెల్వకుండ. ఆని గొంతు ఆడికి పోతలేదు.”

చేతిలోని సహస్రనామాల పుస్తకం మూశాను.

“నేను దబాయిస్తున్న అనుకుంటుండు. అనుకోనీ. పార్టీ పోతే పోనీ. గని ఆన్ని దవాఖానకు తీస్కపో అక్కా. ఇది జలుబు గొంతు గాదు. నా మాట ఇనడు. నీ మాట ఒక్కటి ఇంటడు.”

మజ్జిగ ఇచ్చాను. తాగి వెళ్ళాడు. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

కిషన్‌తో అనలేదు. అంటే వాడు విరిగిపోతాడు. రికార్డింగు కానీ, చెబుతాను.

ఫిబ్రవరి 5

పొద్దున సాధన చేస్తున్నాడు. ‘నది’ దగ్గర ఆగి దగ్గుతున్నాడు. చలి.

ఫిబ్రవరి 14, మంగళవారం

మాహూర్ వెళ్ళి వచ్చాను. ఒక్కదాన్నే. తెల్లారి కిన్వట్ బస్సు దొరికింది. మెట్లన్నీ ఎక్కి రేణుకమ్మ ముందు నిలబడితే అడగాల్సింది ఏదీ గుర్తుకు రాలేదు. ‘ముందు ఇచ్చింది నువ్వే కదా’ అన్నాను. అంతే.

అమ్మ పోయినప్పుడు కిషన్‌కు మూడేళ్లు. అప్పటికి మాట రాలేదు. మూగవాడన్నారు. నేను భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఏడు అది. నాకు ఇరవై ఆరు. వాణ్ణి చంకనేసుకుని ఈ మెట్లే ఎక్కాను. నలభై ఒక్క రోజులు మొక్కుకున్నాను. అమ్మవారి దగ్గర తాంబూలమే ప్రసాదం. ఆకు, వక్క, సున్నం, కాచు వేసి మెత్తగా దంచి ఇస్తారు. అది తెచ్చి, అయిపోతే ఇంట్లో అట్లాగే దంచి, రోజూ పొద్దున వాడి నాలుకకు రాశాను. ముప్పై ఎనిమిదో రోజు ‘అక్క’ అన్నాడు.

ఈ గొంతు ఆమెది. ఆమెకు తెలుసు.

ఇవాళ్టి నుంచి మళ్ళీ నలభై ఒక్క రోజులు. ఒంటిపూట భోజనం. రోజూ తాంబూలం దంచి వాడికి పెడతాను. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఇంకొకరి గడప తొక్కి అదే మేలు అడగకూడదు. అడిగితే ఆమెను నమ్మనట్టు. మార్చి 25కు పూర్తవుతుంది. ఆ మర్నాడే దవాఖాన.

నాగేశ్వర్‌కు ఈ మాటే చెప్పి పంపాలి.

ఫిబ్రవరి 15

చెప్పి పంపలేదు. వాడికి అర్థం కాదు.

ఫిబ్రవరి 20

ఏడో రోజు.

రోలు చప్పుడు వింటూనే కిషన్ లేచి వస్తున్నాడు. “మాహూర్ హెడ్డాఫీసు తెరిసిండ్రా?” అని చెయ్యి చాపుతాడు. నమిలి, పెరట్లో ముఖం కడిగే తొట్టిలో ఉమ్మి, గొంతు సవరించుకుంటాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. దిగిపోయినట్టుంది. దీక్షలో మొదటి పది రోజులు కదిలించినట్టు అవుతుంది, తర్వాతే సర్దుకుంటుంది.

కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. మా ముందు గదిలోనే వీడు హార్మోనియం పెట్టుకుని పాడుతుంటే చిన్న టేపులో పట్టుకున్నాడు. విని తొడ చరిచాడు. ఈ గరగరే కావాలి, నున్నటి గొంతులు వంద దొరుకుతాయి, ఇట్లాంటిది దొరకదు అన్నాడు.

కిషన్ నా వైపు చూశాడు. చిన్నప్పుడు బడిలో బహుమతి వస్తే అట్లా చూసేవాడు.

పాటలో ‘నది’ని కింది నుంచే అనేట్టు మార్చుకున్నాడు. పైకి వెళ్ళడం లేదు. అట్లా కూడా బాగానే ఉంది.

ఫిబ్రవరి 27, సోమవారం

ఏకాదశి. ఉపవాసం. తాంబూలం దంచలేదు, వాడికి పెట్టలేదు.

పొద్దున తొట్టి ఎర్రగా ఉంది. నిన్నటిదై ఉంటుంది.

మార్చి 3

విమల నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పద్దెనిమిదేళ్లలో ఇట్లా రావడం ఇది రెండోసారి.

కిషన్ అన్నం సగంలోనే వదిలేస్తున్నాడట. ముద్ద దిగటం లేదట. గంజి తాగుతున్నాడట. నేను ఒంటిపూట తింటున్నాను కనుక రాత్రి పంక్తిలో ఉండటం లేదు, చూడలేదు.

“వదినె, పెద్ద దవాఖానల చూపిద్దాం. రేపే తీస్కపోత నేను. నువ్వు రాకున్న సరే.”

దీక్ష సంగతి చెప్పాను. ఇరవై రెండు రోజులే మిగిలాయన్నాను.

“దేవికి కోపమొస్తదని నీకు భయం. మరి ఆనికేమైతదో అని భయం లేదా?”

ఆమె అంత మాట ఎప్పుడూ అనలేదు. నాకు కోపం రాలేదు. నీకు దేవి అంటే తెలియదు అన్నాను. తెలియకుండానే కార్తీకమంతా దీపాలు పెడుతున్నానా అంది. తలుపు తెరిచి పోయింది.

శంకర్రావుకు చెప్పినట్టుంది. రాత్రి వాడు కిషన్‌ను అడిగాడు. రికార్డింగు దగ్గరికొచ్చిందని, హైదరాబాదు నుంచి వచ్చాక చూద్దామని కిషన్ అన్నాడు. గొంతు పోతే పోనీ, దుకాణంలో కూర్చోవడానికి గొంతెందుకు అని శంకర్రావు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వాడూ మానేశాడు.

ఒక వాయిదా వాడిది, ఒకటి నాది. రెండూ కొద్ది రోజులు అటూ ఇటూ. కలిసొచ్చినట్టే అనిపించింది.

మార్చి 10, శనివారం

కిషన్ హైదరాబాదు నుంచి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. క్యాసెట్టు ఒక వైపుకు సరిపడా పాటలు అయ్యాయి. రెండో వైపు వచ్చే నెల. అక్కడ గాజు గదిలో నిలబెట్టి చెవులకు డిప్పలు పెట్టారట.

“నా గొంతు నాకే వినవచ్చిందక్కా. పానం సల్లవడ్డది” అన్నాడు. గుసగుసగా అన్నాడు. గాజు గదిలో ఎక్కువ పాడాడు కదా.

స్టేషనుకు నాగేశ్వర్ వెళ్ళాడట. వీడు చూసి పలకరించకుండా రిక్షా ఎక్కాడట. తానే చెప్పాడు, గొప్పగా చెప్పినట్టు. చెప్పాక, ఒకప్పుడు నాగేశ్వర్ గిటారు వేలాడిన గోడ మేకు వంక చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 13, మంగళవారం

ఏకాదశి.

తాంబూలం లేదు.

ఎరుపు.

మార్చి 14

ముప్పయ్యో రోజు. ఇంక పదకొండు.

మార్చి 18

రంగుల పండుగ. కంపెనీ వాళ్లిచ్చిన టేపు శంకర్రావు దుకాణం ముందు పెట్టాడు. పండక్కి వచ్చిన వాళ్లంతా నిలబడి విన్నారు. ఏం దర్దు ఉంది గొంతులో అన్నారు. మెచ్చుకుంటూ వీపు తడుతుంటే కిషన్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఇవాళ ఎవరి రుమాలైనా ఎర్రగానే ఉంటుంది.

మార్చి 21

శ్వాస తీసుకుంటుంటే రాత్రి ఈ గదికి వినిపిస్తోంది. మధ్యలో రెండు గోడలు ఉన్నాయి.

జపం మూడు మాలలు ఎక్కువ చేశాను.

మార్చి 25, ఆదివారం

నలభై ఒకటి. మాహూర్. కిషనూ నేనూ వెళ్ళాము.

మెట్ల మీద మూడుసార్లు కూర్చున్నాడు. నాకంటే ఇరవై మూడేళ్లు చిన్నవాడు, నేను పైన నిలబడి వాడికోసం చూశాను. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేసినట్టు ఉంది. ఒక ముసలామె ఆగి వాడి నుదుటికి బొట్టు పెట్టి వెళ్ళింది.

ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, కొబ్బరికాయ కొట్టాక అమ్మవారి ముందు ఒక పాట పాడతానన్నాడు. నేనే అడగాల్సింది, వాడే అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. నోరు తెరిచాడు.

పాట రాలేదు. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు లేచాయి, ముఖం ఎర్రబడింది, శరీరమంతా ఊగింది. గుండెల్లోంచి తోలు తెగిన డప్పు చప్పుడు లాంటిది వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. దేవి ఒంటి మీదికి వచ్చిందనుకున్నారు. ఒకామె ముందుకొచ్చి, “ఆయీ, నా బిడ్డకు సంతానమిస్తవా?” అని వాడి కాళ్ల మీద పడింది.

వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. అమ్మవారిని కాదు. నన్ను.

ఆమెను నేనే లేపాను. ఇస్తుంది లేమ్మా అన్నాను.

మార్చి 26

డాక్టరు గొంతులో అద్దం పెట్టి చూశాడు. ఒక్కసారే చూశాడు. ఎన్నాళ్ల నుంచి అని మరాఠీలో అడిగాడు. కిషన్ రెండు వేళ్లు చూపించాడు, రెండు నెలలని. రక్తం ఎప్పటి నుంచి అని అడిగాడు. కిషన్ తల అడ్డంగా ఊపాడు. రక్తం లేదు, తాంబూలమన్నాడు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు.

నెల అయ్యింది అన్నాను.

కిషన్ మెల్లగా నా వైపు తల తిప్పాడు.

బొంబాయి తీసుకెళ్ళమన్నారు. రేపు అని కాదు, ఇవాళే. శంకర్రావు దుకాణం మూసేసి వచ్చాడు. స్టేషనుకు నాగేశ్వర్ కూడా చిన్న సంచితో వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనలేదు. బండిలో కిషన్‌కు ఎదురుగా కూర్చుని మన్మాడ్ దాకా కిటికీలోంచే చూశాడు.

ఏప్రిల్ 2, సోమవారం. బొంబాయి

ఉగాది. వార్డులో పచ్చడి ఎవరు చేస్తారు. శంకర్రావు బజారంతా తిరిగి వేపపూత తెచ్చాడు. కొంచెం నాలుకకు తగిలించాను. కిషన్ మింగలేకపోయాడు.

గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మాట్లాడొద్దన్నారు. ఏం కావాలన్నా కాగితం మీద రాస్తున్నాడు. నాకు తప్ప అందరికీ రాస్తున్నాడు.

ఏప్రిల్ 9

ఇవాళ డాక్టరు చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పుండు స్వరపేటిక అంతా పాకింది. మొత్తం తీసేయాలి. మెడకు రంధ్రం పెడతారు, దానిలోంచి ఊపిరి తీసుకుంటాడు. మాట ఉండదు. తీయకపోతే ఊపిరి ఆడక పోతాడు, ఎప్పుడన్నది చెప్పలేం, రేపైనా కావచ్చు. నెల ముందు వస్తే సగం తీసి సగం మిగిల్చేవాళ్లమేమో, గొంతు కొంత ఉండేదేమో అన్నాడు. ఏమో అనే అన్నాడు. నన్ను తప్పుపట్టలేదు. ఆయనకు నేనెవరో కూడా తెలియదు.

ఈ డైరీలో ఫిబ్రవరి 27న నేను రాసింది అబద్ధం. తొట్టి ముందు రోజు సాయంత్రం నేనే తోమి కడిగాను. సున్నం పట్టిందని ఇటుకపొడి వేసి తోమాను. పొద్దున అందులో ఉన్నది ఆ పొద్దుటిదే. నీళ్లు పోసేముందు వేలితో తాకి చూశాను. తాంబూలం ఎరుపు వేలికి అంటుకుంటే మట్టిరంగు. ఇది అట్లా లేదు. తెలిసింది. తెలిసి, నీళ్లు పోసి, లోపలికొచ్చి పుస్తకంలో ‘నిన్నటిదై ఉంటుంది’ అని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికోసం రాశానో.

దీక్ష ఆపితే దేవి ఇచ్చింది తీసుకుంటుందని భయపడ్డాను. ఆపకుండా ఉంటే ఏం జరుగుతుందో అడగలేదు. నేను ఎప్పుడూ తక్కువ మాట్లాడతానని అందరూ మెచ్చుకుంటారు.

సాయంత్రం కాగితాలు తెచ్చారు. ఇంటివాళ్లది ఒక సంతకం, రోగిది ఒకటి. ఇంటికి పెద్ద నేను. శంకర్రావు తల వంచుకుని నిలబడ్డాడు. నాగేశ్వర్ బయట వరండాలో ఉన్నాడు.

కిషన్ కాగితం పక్కకు నెట్టాడు. రాయలేదు. మాట్లాడాడు. ఆ గొంతును నేను గుర్తుపట్టలేదు, మాటను మాత్రం గుర్తుపట్టాను.

“అక్కా, ఇంక ఒక్క దిక్కు పాటలు ఉన్నయి. పది రోజుల పని. ఎట్లున్న గొంతుతోని అట్ల పాడుత. పాడినంక కోసేయమను.”

డాక్టరు పది రోజులు ఆగేది కాదన్నాడు. శంకర్రావు తెలుగులో మళ్ళీ చెప్పాడు. కిషన్ వాళ్లెవరి వంకా చూడలేదు.

“నీ దేవికి నలభై ఒక్క దినాలిచ్చినవ్. నాకు పది ఇయ్యవా?”

వాడు దెప్పలేదు. నిజంగా అడిగాడు. చిన్నప్పుడు ఇంకొంచెం బెల్లం అడిగినట్టు.

“నువ్వు సంతకం పెడితే నేను పెడుత. నువ్వు వద్దంటే ఇంటికి పోదం. నీ మాటే.”

దేవిని తలుచుకోలేదు. ఇది ఆమెను అడగాల్సింది కాదు. పెన్ను తీసుకుని నా పేరు రాశాను. లీలాబాయి. ఏం సంబంధమో రాయాల్సిన చోట అక్క అని తెలుగులో రాశాను. నర్సు అది చెల్లదంది. కొట్టేసి పక్కన మరాఠీలో రాశాను.

పెన్ను వాడికి ఇచ్చాను. పట్టుకోలేదు. కాసేపటికి పట్టుకున్నాడు.

ఏప్రిల్ 10

మాట్లాడొద్దన్నారు కనుక కిషన్ నాతో మాట్లాడటం లేదు. అది కారణం కాదు. నాగేశ్వర్‌తో సైగలు చేస్తున్నాడు.

ఏప్రిల్ 11

సాయంత్రం నాగేశ్వర్ మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పాడు. రెండో వైపు పాటలు నేను పాడుతాను, పేరు నీదే ఉంటుంది, కంపెనీని నేను ఒప్పిస్తాను అన్నాడు. ఏడాదంతా పాడినట్టే కదా అని ఆగిపోయాడు. అనకూడనిది అనేశానని వాడికీ తెలిసింది.

కిషన్ వాడి వైపు తిరిగాడు. ఎన్నాళ్లుగా, అని వేళ్లతో అడిగాడు. నాగేశ్వర్ ఏడాది అన్నాడు. కిషన్ కాగితం తీసుకున్నాడు, ఏదో రాశాడు, చించేశాడు. పాటల పుస్తకం దిండు కింద నుంచి తీసి వాడి ఒళ్లో పెట్టాడు. పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇచ్చినట్టా, విసిరేసినట్టా. నాగేశ్వర్‌కు కూడా అర్థం కాలేదు. పుస్తకం తెరవలేదు.

ఏప్రిల్ 12, గురువారం

పొద్దున ఆరింటికి కిషన్‌ను చక్రాల బండి మీద పడుకోబెట్టారు. తెల్లబట్టలు వేశారు. శంకర్రావు ఒక పక్క, నేను ఒక పక్క నడిచాము. నాగేశ్వర్ వెనక. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. పట్టుకోనూ లేదు. ఒక్క మాట అంటాడనుకున్నాను. తిట్టినా సరే.

ఆపరేషను గది తలుపు దగ్గర నర్సు బండి ఆపింది. చేతిలో కాగితం చూసుకుంటూ మరాఠీలో రోగి పేరు అడిగింది. మనిషి మారిపోకుండా అందరినీ అడుగుతారట. వీడు మాట్లాడకూడదు కదా అని నేను చెప్పబోయాను.

కిషన్ చెయ్యెత్తి నన్ను ఆపాడు. మోచేతి మీద లేచి తానే చెప్పాడు. “రాధాకిషన్ విఠల్‌రావు కొండల్‌వార్. నాందేడ్.” నెమ్మదిగా, ఒక్కొక్కటే. ఎక్కడా విరగలేదు. వరండాలో నిలబడ్డ వాళ్లు తిరిగి చూశారు.

నర్సు రాసుకుంది. మళ్ళీ చెప్పమనలేదు. బండి లోపలికి తోశారు.